వాసనలతో కట్టుకున్న రాయ్‌పూర్

2025 ఏప్రిల్ 21న తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో భద్రతా బలగాలు భారీ కూంబింగ్ మొదలుపెట్టాయి. వాళ్ల వెంట వెళ్లిన జాగిలాల్లో రోలో ఒకటి. బెల్జియన్ షెపర్డ్ జాతి, రెండేళ్ల ఆడ కుక్క. బెంగళూరు దగ్గర తరళులోని సీఆర్‌పీఎఫ్ కేంద్రంలో శిక్షణ పొందింది. మట్టి కింద పాతిపెట్టిన మందుపాతరను పసిగట్టడం దాని పని. ఏప్రిల్ 27న తేనెటీగల గుంపు మీదపడి సుమారు రెండు వందల చోట్ల కుట్టడంతో చనిపోయింది. బస్తర్ అడవుల్లో ఇలాంటి ముక్కుల విలువ ఎంతో అక్కడ పనిచేసే జవాన్లను అడిగితే చెబుతారు. అదే ఏడాది జనవరి 6న బీజాపూర్ జిల్లాలో రోడ్డు కింద మందుపాతర పేలి ఎనిమిది మంది జవాన్లు, వాళ్ల వాహనం డ్రైవరు ప్రాణాలు కోల్పోయారు. మనిషి కంటికి ఉత్త మట్టి రోడ్డుగా కనిపించేది కుక్క ముక్కుకు మరోలా తెలుస్తుందని ప్రభుత్వం నమ్మింది కాబట్టే జాగిలాన్ని ముందు నడిపిస్తోంది. అదే రాష్ట్రపు రాజధాని రాయ్‌పూర్‌లో వీధి కుక్కల సంగతి వచ్చేసరికి మాత్రం ఈ ఎరుక ఎక్కడా కనిపించదు. కుక్క ఎక్కడ ఉండాలి, ఎక్కడ తినాలి, ఎక్కడికి తరలించాలి అన్నవన్నీ మన కంటికి కనిపించే ఊరిని బట్టే తేలుస్తున్నాం. కుక్క బతికే ఊరు అది కాదు. ఆ రెండో ఊరిని లెక్కలోకి తీసుకోని నిబంధన కుక్కలకే కాదు, మనుషులకూ పనికిరాదన్నదే ఈ కథనం వాదన.

ముందు ఆ ముక్కును దగ్గరగా చూద్దాం. గోల్ బజార్ మూలన కరెంటు స్తంభం దగ్గర ఆగిన ఏ కుక్కనైనా గమనించండి. ముక్కు కొసన రెండు రంధ్రాలే కాకుండా, ఒక్కో రంధ్రానికి బయటి పక్కన వంపు తిరిగిన సన్నని చీలిక కనిపిస్తుంది. పీల్చేటప్పుడు గాలి ముందు నుంచి లోపలికి పోతుంది, వదిలేటప్పుడు ఆ చీలికల్లోంచి పక్కలకూ వెనక్కూ వెళ్లిపోతుంది. అందుకే బయటికొచ్చే ఊపిరి ముందున్న వాసనను చెదరగొట్టదు. వాసన చూసే పనిలో ఉన్నప్పుడు కుక్క సెకనుకు ఐదు సార్ల దాకా ఇలా గాలి లాగి వదులుతుంది. రెండు రంధ్రాలూ విడివిడి చోట్ల నుంచి గాలి తీసుకుంటాయి కాబట్టి వాసన కుడి నుంచి వస్తోందా, ఎడమ నుంచా అన్నదీ తెలుస్తుంది. లోపలికి వెళ్లిన గాలిలో 12-13 శాతం ఊపిరితిత్తుల దారి పట్టకుండా ముక్కు వెనక భాగంలోని ప్రత్యేకమైన అరలోకి మళ్లి అక్కడ నెమ్మదిగా తిరుగుతుందని 2010లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్కకట్టారు. మనిషి ముక్కులో అలాంటి అర లేదు. వాసనను పట్టే కణాలు మనకు 50-60 లక్షలుంటే, కుక్కకు జాతిని బట్టి పది కోట్ల నుంచి ముప్పై కోట్ల వరకు ఉంటాయని అంచనా. ఇది చాలనట్టు అంగిలి పైన మరో అవయవం ఉంది. తోటి కుక్కల శరీరం నుంచి వచ్చే రసాయనాలను చదవడం దాని పని. అంటే ఆ స్తంభం దగ్గర కుక్క చేస్తున్నది కాలక్షేపం కాదు. అక్కడికి ఎవరు వచ్చారు, ఆడదా మగదా, ఎదకొచ్చిందా, తన గుంపుదా పరాయిదా, వచ్చి ఎంత సేపయింది అని విచారిస్తోంది.

వీటిలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఆ చివరి ప్రశ్న, ఎంత సేపయిందన్నది. మనిషి నడిచి వెళ్లిన గంటకు కూడా, శిక్షణ పొందిన కుక్క ఐదే ఐదు అడుగుజాడలు వాసన చూసి అతను ఎటు వెళ్లాడో చెప్పగలదని 2005లో బెల్‌ఫాస్ట్‌ పరిశోధకులు చూపించారు. ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య గడిచేది సెకను, రెండు సెకన్లు. ఆ కాస్త తేడాలో ఏ జాడ పాతది, ఏది కొత్తది అని ముక్కు తేల్చేస్తోందన్నమాట. మన కన్ను ఇప్పుడున్నదాన్ని చూస్తుంది. కుక్క ముక్కుకు ఇందాక జరిగినదీ అందుతుంది, గాలివాటున రాబోయేదీ అందుతుంది. పొద్దున పోహా బండి పెట్టి ఎత్తేసిన చోటు మధ్యాహ్నానికి మనకు ఖాళీ స్థలం. కుక్కకు మాత్రం ఆ బండి సాయంత్రం దాకా అక్కడే ఉంటుంది.

ఎస్తోనియాలో పుట్టిన జీవశాస్త్రవేత్త యాకోబ్ ఫాన్ ఉయెక్స్‌క్యూల్ 1934లో వెలువరించిన పుస్తకంలో ఒకే గదిని మూడు బొమ్మలుగా వేయించాడు. ఒకటి మనిషికి తెలిసే గది, ఒకటి కుక్కకు, ఒకటి ఈగకు. మనిషి బొమ్మలో పుస్తకాల అర, రాతబల్ల, దీపం, కుర్చీలు అన్నిటికీ అర్థం ఉంది. కుక్క బొమ్మలో కూర్చోవడానికీ తినడానికీ పనికొచ్చేవే మిగిలాయి, తక్కినవి దారికి అడ్డాలు మాత్రమే. ఆ పద్ధతిలో జైస్తంభ్ చౌక్‌ను బొమ్మ గీస్తే మనం ఊరి గుర్తుగా చెప్పుకునే స్తంభం మిగలదు. దుకాణాల బోర్డులు, సిగ్నల్ లైట్లు మిగలవు. టీకొట్టు వెనక పారబోసిన నీళ్లు, చెత్తకుండీ అడుగు, మరో వీధి నుంచి వచ్చి ఆగిన ఆటో టైరు మిగులుతాయి. బూఢా తలాబ్ గట్టు మనకు ఒక్కటే గట్టు. దాని మీద బతికే గుంపులకు అది రెండు మూడు దేశాలు కావచ్చు, సరిహద్దులు మూత్రంతో రాసి ఉంటాయి.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. మనిషి ముక్కు పనికిరానిదన్నది పందొమ్మిదో శతాబ్దపు అపోహ అని అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీకి చెందిన జాన్ మెక్‌గాన్ 2017లో సైన్స్ పత్రికలో వాదించాడు. ఆధారాలు కూడా చూపించాడు. అంతకు పదేళ్ల ముందు బర్క్‌లీలో కళ్లకు గంతలు కట్టి, చెవులు మూసి, గడ్డిలో చాక్లెట్ వాసన గీత వేసి వెతకమంటే 32 మందిలో 21 మంది మోకాళ్ల మీద పాకుతూ ఆ గీత పట్టుకుని వెళ్లగలిగారు. మరి మనకూ కుక్కకూ తేడాను పెద్దది చేసి చెబుతున్నామా? కాదనే నా సమాధానం. మనిషికి వాసన పట్టే శక్తి లేదన్నది ఈ వాదనకు అవసరం లేదు. మనం ఆ శక్తి మీద ఊరిని కట్టుకోలేదన్నది చాలు. చిరునామా కంటితో చదువుతాం, మనుషులను ముఖం చూసి పోలుస్తాం, దారి గుర్తులు చూసి నడుస్తాం. పాకితే తప్ప వాసన గీత పట్టలేని మనిషికీ, నడక ఆపకుండానే ఒకేసారి పది గీతలు చదివే కుక్కకూ మధ్య తేడా కణాల లెక్కలో కన్నా బతుకు తీరులో ఉంది.

అలాగని కుక్కంటే ముక్కు ఒక్కటే అనుకోవడమూ పొరపాటే. కుక్క కన్ను నలుపు, తెలుపులే చూస్తుందని చాలామంది నమ్ముతారు. 1989లో జే నైట్జ్ బృందం కుక్క కంట్లో రెండు రకాల రంగు కణాలున్నాయని తేల్చింది. నీలం, పసుపు దానికి తెలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ కలగలిసిపోతాయి. పచ్చిక మీద పడ్డ ఎర్ర బంతిని మనం ఇట్టే చూస్తాం, కుక్క ముక్కుతో వెతుక్కుంటుంది. మసక వెలుతురులో కుక్కదే పైచేయి. కదలిక దాని కంటికి చప్పున తగులుతుంది. బడి వదలగానే పరుగు తీసే పిల్లవాడు, వేగంగా పోయే బైకు చక్రం దాని చూపును లాగేది అందుకే. మన దేశపు వీధి కుక్కల మీదే పనిచేస్తున్న ఐసర్ కోల్‌కతా పరిశోధన సంస్థలోని అనిందితా భద్ర బృందం ఇటీవల ఇంకో సంగతి కనుక్కుంది. రంగు గిన్నెలు ఎదురుగా పెడితే వీధి కుక్కలు నీలం, బూడిద రంగులను వదిలి పసుపు వైపు మొగ్గాయి. ఇదే బృందం అంతకుముందు, మాంసం వాసన ఏ పదార్థానికుంటే వీధి కుక్క దానివైపే ముందు వెళ్తుందని కూడా చెప్పింది. రెండూ కలిపి చూస్తే వీధి కుక్క తన కాళ్ల మీద తాను బతికే జంతువనీ, దొరికిన ప్రతి ఆధారాన్నీ వాడుకుంటుందనీ అర్థమవుతుంది.

చెవి సంగతికొస్తే మనిషి వినగలిగేది 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ వరకు. కుక్కకు సుమారు 67 నుంచి 45 వేల వరకు. వినాయక నిమజ్జనం ఊరేగింపుల్లో డీజే మోగించే లోతు దరువు నిజానికి కుక్క వినికిడికి అడుగు అంచున ఉంటుంది. పై శ్రుతుల్లో చీల్చుకుపోయే టపాసు మోతే దానికి ఎక్కువ బాధ. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ మైదానంలో దసరా రావణ దహనం చూడటానికి ఊరు ఊరంతా వస్తుంది. విజయనగరం లైను మీదుగా వచ్చి రైల్వే కాలనీల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ అది పెద్ద పండగే. ఆ రాత్రి కాలనీ కుక్కలు ఎటు పారిపోతాయో తెలియనంతగా చెదిరిపోతాయి. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని చట్టం ఎప్పుడో చెప్పింది. డీజేల రొద మీద ఛత్తీస్‌గఢ్ హైకోర్టు తనంతట తానే విచారణ చేపట్టాల్సి వచ్చింది. ముసలివాళ్లకు, రోగులకు, పసిపిల్లలకు చెప్పిన ఆ హద్దే కుక్కలకూ చాలు. కొత్తగా ఇంకేమీ అడగనక్కర్లేదు.

ఎండ విషయంలో ఇంకా నిలిచి ఆలోచించాలి, ఎందుకంటే రాయ్‌పూర్‌కు అది ప్రత్యేకమైన సమస్య. మే చివరి వారంలో ఇక్కడివాళ్లు నౌతపా అని పిలుచుకునే రోజుల్లో పాదరసం 45 డిగ్రీల దాకా పోతుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నోరు తెరిచి, నాలుక బయటపెట్టి, రొప్పుతూ ఒంట్లో వేడి బయటికి పంపుతుంది. రొప్పేటప్పుడు గాలి నోటిగుండా ఆడుతుంది, ముక్కుతో నిదానంగా వాసన పీల్చే అవకాశం తగ్గుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు గాజిత్, టెర్కెల్ 2003లో పేలుడు పదార్థాలు వెతికే జాగిలాలను బాగా అలిసేదాకా పరిగెత్తించి పరీక్షించారు. రొప్పు పెరిగిన కొద్దీ వాటి పసిగట్టే సామర్థ్యం పడిపోయింది. అదే ఇద్దరూ మరో పరీక్షలో దాదాపు చీకటిలో పనిచేయించినా జాగిలాల పనితనం తగ్గలేదని చూశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. చీకటి కుక్కను గుడ్డిదాన్ని చేయదు, ఎండ చేస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు పండరీ బట్టల బజారు గోడ నీడన రొప్పుతున్న కుక్క వేడికి బాధపడుతున్న జంతువు మాత్రమే కాదు, తన ముఖ్యమైన ఇంద్రియం సగం మూతపడ్డ జంతువు. దాని పక్కకు వచ్చిన మనిషి ఎవరో, ఏ ఉద్దేశంతో వచ్చాడో దానికి ఆలస్యంగా తెలుస్తుంది. అమెరికాలో ఎనిమిది నగరాల్లో 2009 నుంచి 2018 వరకు నమోదైన సుమారు 70 వేల కుక్కకాట్లను లెక్కవేసిన పరిశోధకులు, ఎండ ఎక్కువైన రోజుల్లో, వేడి పెరిగిన రోజుల్లో, ఓజోన్ హెచ్చిన రోజుల్లో కాట్లు పెరిగాయని 2023లో ప్రకటించారు. కారణం ముక్కేనని వాళ్లు అనలేదు, నేనూ అనను. చిరాకు, నీళ్లు దొరకకపోవడం, ఆరుబయట జనం ఎక్కువగా ఉండటం అన్నీ ఉండొచ్చు. కాని వీధిలో ఒక తొట్టి నీళ్లు, కాస్త నీడ ఉంచడం భూతదయ ఖాతాలోనే కాక కాట్ల నివారణ ఖాతాలోనూ రాయాల్సిన పని అనడానికి ఈ మాత్రం చాలు.

గాలి కూడా ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో విడుదల చేసిన వివరాల్లో అత్యంత కలుషితమైన నగరాల వరసలో రాయ్‌పూర్ పేరు ఏడో చోట కనిపించింది. సిల్తరా, ఉర్లా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల నల్ల దుమ్ము మేడల మీద ఆరేసిన బట్టల మీద పడటం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఆ దుమ్ము పడే నేలకు జానెడు ఎత్తులో ముక్కు పెట్టి బతికేది కుక్క. మెక్సికో సిటీ కుక్కల మీద లిలియన్ కాల్దెరోన్ గార్సిదుయెన్యాస్ 2000 తర్వాతి తొలి ఏళ్లలో చేసిన పరిశోధనలు ముక్కు లోపలి పొర దెబ్బతినడాన్నీ, అక్కడి నుంచి మెదడు దాకా లోహపు రేణువులు చేరడాన్నీ చూపించాయి. అదే గాలి పీల్చే పిల్లల గురించి ఆందోళనతోనే ఆమె ఆ పని కొనసాగించారు. కుక్క ముక్కుకు జరిగేది మన ముక్కుకు జరగబోయేదానికి ముందస్తు కబురు.

ఇక అసలు వివాదానికి వద్దాం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్ చేసి టీకా వేసిన వీధి కుక్కలను పట్టుకున్న చోటే తిరిగి వదలాలని చెప్పింది. రేబిస్ సోకినవి, మీదపడి కరిచేవి మినహాయింపు. తిండి పెట్టడానికి వార్డుకు ఒక చోటు నిర్ణయించాలని కూడా చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల నుంచి తీసిన కుక్కలను మళ్లీ అక్కడ వదలొద్దని ఆదేశించింది. మొదటి ఆదేశంలోని సూత్రం, అంతకుముందు 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఉన్నదే, కుక్క లోకానికి సరిగ్గా సరిపోతుంది. దాని చోటంటే వాసనల కట్టుబాటు. ఎవరు మనవాళ్లు, ఎక్కడిదాకా మన హద్దు, ఏ ఇంటి మనిషి చేయి తిండి పెడుతుంది, ఏ చేయి రాయి విసురుతుంది అన్నదంతా అక్కడి నేలలో రాసి ఉంటుంది. తేలీబాంధా కుక్కను తీసుకెళ్లి టాటీబంధ్‌లో వదిలితే ఆ రాతలో ఒక్క అక్షరమూ దానికి తెలియదు. పైగా అది తన ఒంటి వాసనతోనే పరాయిదని చాటుకుంటుంది. భయపడ్డ కుక్క, తరుముతున్న గుంపు, మధ్యలో నడిచే జనం. కాట్లకు ఇంతకన్నా అనువైన పరిస్థితి ఉండదు. తీసేసిన చోటా ఖాళీగా మిగలదు, తిండి వాసన ఉన్నంతకాలం మరో గుంపు వస్తుంది.

రెండో ఆదేశాన్ని నేను తప్పుపట్టను. బడి గేటు లోపల కుక్కల గుంపు ఉండాలని ఎవరూ అనరు. కాని అక్కడ కూడా కుక్కను తీసేస్తే సగం పనే. 2025 జులైలో బలౌదా బజార్ జిల్లా లచ్ఛన్‌పూర్ బడిలో కుక్క ముట్టిన మధ్యాహ్న భోజనం వడ్డించారని తేలి, పిల్లలకు రేబిస్ టీకాలు వేయాల్సి వచ్చింది. 84 మంది విద్యార్థులకు తలా 25 వేల రూపాయలు ఇవ్వాలని హైకోర్టు ఆదేశించింది. ఆ కుక్కను బడికి పిలిచింది వంట వాసన. మూత పెట్టని గిన్నె, పెరట్లో పారబోసిన గంజి, ఎత్తని ఎంగిలి ఆకులు రోజూ అదే పిలుపు పిలుస్తాయి. ఉపాధ్యాయులకు కుక్కల కాపలా అప్పగించడం కన్నా వంటగదికి తలుపు, చెత్తకు మూత ఇవ్వడం పనికొస్తుంది. కుక్కను తరిమినా వాసన అక్కడే ఉంటుంది కదా.

మనుషుల ప్రాణాలు పోతుంటే కుక్క ముక్కు గురించి ఇంత చర్చా అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల కోపం న్యాయమైనది. దేశంలో ఏటా 91 లక్షల జంతు కాట్లు జరుగుతున్నాయని, వాటిలో మూడొంతులకు పైగా కుక్కలవేనని, రేబిస్‌తో 5,726 మంది చనిపోతున్నారని భారత వైద్య పరిశోధన మండలి సర్వే అంచనా వేసింది. లక్షణాలు కనిపించాక రేబిస్ నుంచి బతికి బయటపడటం దాదాపు అసాధ్యం. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఏ ఇంద్రియశాస్త్రమూ సమాధానం చెప్పలేదు. అయినా రేబిస్‌ను ఆపే దారి ప్రపంచమంతా ఒకటే, ఊళ్లోని కుక్కల్లో కనీసం 70 శాతానికి టీకా పడాలి. టీకా పడ్డ కుక్కలు తమ హద్దుల్లో నిలకడగా ఉంటేనే ఆ లెక్క నిలుస్తుంది. గుంపులు చెదిరి, కొత్తవి వచ్చి చేరుతుంటే ప్రతి ఏడాదీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వాసన హద్దులను గౌరవించడం ఇక్కడ పిల్లల ప్రాణాలకు అడ్డం రాదు, వాటిని కాపాడే పనిలో భాగం.

ఇంకొందరు తాత్వికంగా అడుగుతారు, కుక్కకు ఎలా ఉంటుందో నీకెలా తెలుసని. అమెరికన్ తాత్వికుడు థామస్ నేగెల్ 1974లో గబ్బిలం గురించి లేవనెత్తిన ప్రశ్న అది. లోపలి అనుభవం మనకు అందకపోవచ్చు, నిజమే. అది దేన్ని గుర్తుపడుతుంది, దేనికి స్పందిస్తుంది అన్నది మాత్రం పరీక్షకు అందుతుంది. 2022లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో 36 మంది మనుషులు మామూలుగా ఉన్నప్పుడూ, కష్టమైన లెక్కలు చేస్తూ ఒత్తిడికి లోనైనప్పుడూ చెమట, ఊపిరి సేకరించి నాలుగు కుక్కల ముందు పెడితే, నూటికి తొంభై మూడు సార్లకు పైగా అవి ఒత్తిడి వాసనను వేరుచేశాయి. భయపడితే కుక్కకు తెలిసిపోతుందని మన ఇళ్లల్లో పెద్దలు చెప్పే మాటకు ఇప్పుడు కొంత ఆధారం దొరికినట్టే.

నగరపాలక సంస్థకు దీన్నుంచి చేయదగ్గ పనులు చాలానే ఉన్నాయి. వార్డులో తిండి పెట్టే చోటు నిర్ణయించేటప్పుడు మ్యాపు చూసి మధ్యలో చుక్క పెడితే అది రెండు గుంపుల హద్దు మీద పడి రోజూ పోట్లాటవుతుంది. ఆ వీధిలో ఏళ్లుగా తిండి పెడుతున్నవాళ్లను అడిగి ఒకే గుంపు తిరిగే చోట, బడి గేటుకు దూరంగా, నీడ ఉన్న చోట పెట్టాలి. తెల్లవారుజామునో పొద్దుగూకాకో పెట్టి, తిన్నాక ఆ నేలను కడగాలి. గిన్నెలు పసుపువి పెట్టి చూడటానికి ఖర్చేమీ లేదు. టీకా బృందంలో రోజుకొకరు మారకుండా అదే మనుషులు అదే వీధికి వెళ్లాలి, ముందు కొన్ని రోజులు తిండితో, ఆ తర్వాతే సూదితో. కుక్కలను తీసుకెళ్లే వ్యానును ప్రతి ట్రిప్పు తర్వాత కడగాలి. బెదిరిన కుక్కల వాసన అందులో నిలిచి ఉంటే తర్వాతి వీధి కుక్కలు వలకు అందవు. బడుల్లో పిల్లలకు కుక్క ఎదురైతే పరిగెత్తొద్దని, కళ్లలోకి చూడొద్దని, నిద్రపోతున్నదాన్నీ తింటున్నదాన్నీ ముట్టుకోవద్దని ఒక్క పీరియడులో చెప్పొచ్చు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, 2023 నిబంధనలే చాలు. మొదలుపెట్టడం మాత్రం ఫిబ్రవరిలో కావాలి, నౌతపా వచ్చాక ఏ కుక్కా నిదానంగా మనిషిని వాసన చూసి ఆనవాలు పట్టే స్థితిలో ఉండదు.